సగం థైరాయిడ్ తీశాక వాస్కులర్ ఇన్వేజన్ అని వచ్చింది, మళ్ళీ ఆపరేషన్ ఎందుకు?

మీ అమ్మగారికి సూది టెస్టులో క్యాన్సర్ అని తేలలేదు, సగం తీశాక బయాప్సీలో ఫాలిక్యులర్ కార్సినోమా (ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్), వాస్కులర్ ఇన్వేజన్ (క్యాన్సర్ కణాలు రక్తనాళాల్లోకి దూరడం) అని రాశారు, ఇప్పుడు మిగతా సగం కూడా తీయాలంటున్నారు, డాక్టర్ మొదట్లోనే తప్పు చేశాడా అని కదా మీ ప్రశ్న. తప్పు కాదండి. 2019లో మా ఆవిడకీ అచ్చం ఇలాగే అయింది, నేనూ ఆ డాక్టర్ని మనసులో బాగానే తిట్టుకున్నా.

ఫాలిక్యులర్‌లో సూదికి వచ్చే కణాలు మామూలు గడ్డవైనా క్యాన్సర్‌వైనా ఒకేలా ఉంటాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరని చీల్చుకుని వచ్చాయా, అక్కడి రక్తనాళాల్లో దూరాయా అన్నది గడ్డ తీసి కోసి చూస్తేనే తెలుస్తుంది.

ఆ రాత్రి నెట్‌లో చదివితే మెడలోని పెద్ద రక్తనాళమైన జుగులర్ వెయిన్‌లోకి ట్యూమర్ పాకడం, ఆ నాళాన్నే కోసి తీసేయడం... నిద్ర పట్టలేదు. అది వేరే సంగతి, చాలా అరుదు, ఎక్కువగా రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్‌లోనో సీటీలోనో ముందే కనపడుతుంది. అప్పుడు కూడా ఒకవైపు జుగులర్ తీసేస్తే తలలో రక్తం రెండోవైపు నుంచి దిగుతుందట. మీ రిపోర్టులోది మైక్రోస్కోప్ కింద కనిపించే సన్న నాళాల మాట.

ఎన్ని నాళాలు అన్నదే అసలు పాయింట్. నాలుగు లోపైతే రిస్క్ తక్కువ, నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ కింద లెక్క. మాకు మొదటి ల్యాబ్ వాళ్ళు "ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, అందుకే స్లైడ్లు, మైనం బ్లాకులు (గడ్డ ముక్కల్ని మైనంలో దాచినవి) అడిగి తీసుకుని స్వీట్ డబ్బాలో తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ వెళ్ళా, మే నెల, మైనం కరుగుతుందేమోనని ఏసీ బస్సెక్కా (కరగదట, నవ్వారు). అక్కడ ఐదు నాళాలు లెక్కపెట్టారు. ఒకటో రెండో అయితే ఆగి చూడొచ్చా అని తప్పకుండా అడగండి.

మిగతా సగం ఎందుకంటే, అది ఉంటే రేడియో అయోడిన్ (థైరాయిడ్ కణాల్ని చంపే, రేడియేషన్ ఉన్న అయోడిన్ మందు) ఇచ్చినా చాలావరకు అదే పీల్చేసుకుంటుంది, రక్తంలో పడి ఊపిరితిత్తులకో ఎముకలకో వెళ్ళిన కణాలేవైనా ఉంటే వాటికి సరిగా అందదు. తర్వాత చేసే థైరోగ్లోబులిన్ టెస్టు (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్ రక్తంలో ఎంతుందో చూసేది) కూడా అర్థం కాకుండా పోతుంది.

రెండో ఆపరేషన్‌కి ముందు గొంతులో కెమెరా పెట్టి స్వరతంతువులు రెండూ కదులుతున్నాయో లేదో చూశారు, మొదటివైపు గొంతు నరం దెబ్బతిని ఉంటే రెండోవైపు మరీ జాగ్రత్త పడాలి కాబట్టి. మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, నర్వ్‌నీ నరమే అంటాం, సర్జన్ "నరం కాపాడాలి" అంటే నేను జుగులర్ గురించే అనుకుని అరగంట కంగారుపడ్డా. ఆపరేషన్ అయిన మర్నాడు మూతి చుట్టూ, వేళ్ళ చివర్లా తిమ్మిర్లు మొదలయ్యాయి, క్యాల్షియం పడిపోయిందన్నమాట, అలా అనిపిస్తే వెంటనే నర్సుకి చెప్పమనండి.

మా ఆవిడకి అన్నిటికన్నా కష్టమైంది మాత్రం అయోడిన్ ముందు పథ్యం, మామూలు ఉప్పు, పాలు, గుడ్లు, చేపలు బంద్. పెరుగన్నం లేకుండా రెండు వారాలు, ఆపరేషన్ రెండుసార్లయినా ఒప్పుకుంటా గానీ ఇది మాత్రం వద్దు అనేది.