సమాధానం: సెస్నా విమానంలో కార్బ్ హీట్ నాబ్ ఏది?

తమ్ముడూ, వీడియోలో ఇంజన్ ఆగితే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి మంచు పట్టకుండా వేడిగాలి పంపేది) లాగమన్నాడు, మా 172ఎస్‌లో ఆ నాబే కనబడట్లేదు అన్నావు కదా, ఉండదు మరి! ఆ వీడియో పాత 172ఎన్ లాంటిదాన్లో తీసుంటారు, దానికి గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్, నీదానికి సిలిండర్ల దగ్గరే పెట్రోల్ చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్, అందుకే దీంట్లో ఆక్జిలరీ ఫ్యూయల్ పంప్ (అదనపు పెట్రోల్ పంపు) స్విచ్ ఆన్ చెయ్యాల, ఇంజన్ లేకుండా జారుతూ వెళ్ళే గ్లైడ్ స్పీడ్ కూడా ఫ్లాప్స్ లేకుండా 68 నాట్లు, పాతదానికి 65. పేరొకటే గానీ లోపల సంసారం వేరు. నువ్వెక్కే విమానం పీఓహెచ్ (పైలట్ హ్యాండ్‌బుక్)లోనే 3 (ఎమర్జెన్సీలు), 7 (విమానం సిస్టమ్స్) సెక్షన్లు చదువు, తర్వాత బిగించిన సామాన్లకి 9లో సప్లిమెంట్లుంటాయి. నేనైతే సెలవలకి విజయనగరం వచ్చినప్పుడు మూడు లాంతర్ల దగ్గర 7వ సెక్షన్ జిరాక్స్ తీయించి, ఫ్యూయల్ బొమ్మ మీద ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెన్సిల్‌తో గీసుకున్నా, మా అమ్మ చూసి ఇదేటిరా, ప్లంబింగ్ పనా అంది. ఆ జిరాక్స్ చదువుకోటానికే, ఎగిరేటప్పుడు మాత్రం విమానంలో ఉన్న కాపీయే.