పరీక్ష దగ్గర పడితే చాలు, మొహం నిండా మొటిమలు!

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 24 ఏళ్లు, అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఎగ్జామ్ దగ్గరికొచ్చేసరికి గడ్డం మీద, బుగ్గల మీద మొటిమలు, దానికి తోడు కడుపుబ్బరం, మోషన్ కూడా సరిగ్గా అవ్వదు. కడుపు క్లీన్ అయితే మొహం దానంతటదే క్లీన్ అవుద్ది, డీటాక్స్ పౌడర్ తెప్పించుకో అంటోంది రూమ్మేట్. ఇంకో ఫ్రెండ్ మెడికల్ షాపులో ఒక ట్యూబ్ ఇప్పించింది, రాస్తే రెండ్రోజులు తగ్గి మళ్లీ వస్తున్నాయి. ఇది కడుపు వల్లా, టెన్షన్ వల్లా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ట్యూబ్ తీసి చూడమ్మా. సన్న అక్షరాల్లో బీటామెథాసోన్ అనో, క్లోబెటసాల్ అనో, మొమెటాసోన్ అనో ఉంటే అది స్టిరాయిడ్. మొదట్లో మొహం నున్నగా అవుతుంది, వాడుతూ పోతే చర్మం పల్చబడి ఎర్రబడి దానివల్లే కొత్త మొటిమలొస్తాయి. నాలుగు రోజులే రాసుంటే ఆపెయ్. నెలల తరబడి రాస్తుంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకునే మానాలి, లేకపోతే మంటతో అల్లాడిపోతావ్.

టెన్షన్ సంగతి నీ అనుమానం నిజమే. టెన్షన్ పడ్డప్పుడు పుట్టే హార్మోన్లు చర్మంలోని నూనె గ్రంథుల మీద కూడా పనిచేస్తాయి, జిడ్డు పెరుగుతుంది, వాపు పెరుగుతుంది. 2003లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు స్టూడెంట్స్‌ని పరీక్షలున్నప్పుడూ లేనప్పుడూ చూస్తే, స్ట్రెస్ బాగా పెరిగినవాళ్లకే మొటిమలూ ఎక్కువయ్యాయి. చూసింది 22 మందినే అనుకో. దీనికి తోడు చదువుతూ చదువుతూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గిల్లుకోవడం ఒకటి, మచ్చలు మిగిలేది దాంతోనే.

కడుపు మాట కొత్తదేం కాదు. 1930లోనే స్టోక్స్, పిల్స్‌బరీ అని ఇద్దరు అమెరికా డాక్టర్లు, దిగులు వల్ల పేగుల్లో బ్యాక్టీరియా మారిపోయి ఆ ప్రభావం చర్మం దాకా వస్తుందని రాశారు. అలాగని కడుపు కడిగేస్తే మొటిమలు పోతాయని మాత్రం ఎవరూ తేల్చలేదు. ఇలాంటి పౌడర్లు కొన్నిట్లో ఉండేది సునాముఖి ఆకు, విరేచనాల మందు, రోజూ తాగితే ఉన్న కడుపు కూడా పాడవుతుంది. ఆ డబ్బులతో జామకాయలు కొనుక్కో.

తిండిలో నిజంగా పట్టించుకోవాల్సింది చక్కెర, మైదా. ఇవి తింటే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి నూనె గ్రంథుల్ని రెచ్చగొడుతుంది. పుస్తకం పట్టుకుని రోజుకి నాలుగు ఇరానీ చాయ్‌లు, మధ్యలో ఉస్మానియా బిస్కెట్లు, నాకు తెలుసులే! ఒకటికి దించు. అన్నం మానక్కర్లేదు, కొంచెం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు ఎక్కువ వేసుకో, నీళ్లు తాగు, మోషన్ కూడా దారికొస్తుంది. పెరుగు తిను, కడుపుకి మంచిదే, మొటిమలకి మందు మాత్రం కాదు. రాత్రి రెండింటిదాకా చదివి ఆరింటికి లేవడం నీకు తప్పదంటావ్, కానీ నిద్ర లేకపోతే నేను చెప్పినవేవీ సగం కూడా పనిచెయ్యవు.

మందంటే బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటివి ఉన్నాయి, డాక్టర్ చూసి రాయాలి, గుణం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీకు దగ్గర్లోనే గాంధీ హాస్పిటల్ ఉంది, స్కిన్ ఓపీకి వెళ్లు.

పీరియడ్స్ సంగతి నువ్వు రాయలేదు. అవి నెలనెలా రాకపోతే, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఏమో చూడాలి, అప్పుడు నెపం పరీక్షల మీద తోసెయ్యకుండా గైనకాలజిస్ట్‌కి కూడా చూపించుకో.