ఇల్లు తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపాలా?

వరంగల్ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. అబ్బాయి బీటెక్ అయింది, హైదరాబాద్‌లో నెలకు 28 వేల ఉద్యోగం. అమెరికాలో ఎంఎస్ చేయకపోతే పైకి రాలేడని చుట్టాలంతా అంటున్నారట. ఈయన జీతం 45 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు. ఇల్లు తాకట్టు పెట్టి 30 లక్షలు, బయట రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తారట. చేతిలో ఉన్న లక్షన్నర వీసాకీ టికెట్‌కీ.

వద్దండీ, ఇలా మాత్రం వద్దు.

డాక్టర్, లాయర్, లెక్చరర్ అవ్వాలంటే ఆ వృత్తికి తగ్గ డిగ్రీ లేకుండా కుదరదు. సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు, నాలుగేళ్ల పని అనుభవంతో మంచి జీతానికి ఎదిగినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉంటారు, చూడండి. ఎంఎస్ తప్పని నేను అనను. కానీ మీకు మిగిలేది నెలకు 13 వేలు. ఆ 5 లక్షలకే నెలకు 10 వేల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం! పిల్లల చదువుకు ఆ వడ్డీకి అప్పు తేవడం ఏం లెక్కండీ? ఇక 30 లక్షలు మామూలు మార్ట్‌గేజ్ లోన్‌గా తీసుకుంటే చదువయ్యేదాకా ఆగరు, వచ్చే నెల నుంచే ఈఎంఐ కట్టాలి. పదేళ్లకు 11 శాతం వేసుకున్నా నెలకు 41 వేలు. ఎక్కడి నుంచి తెస్తారు? చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత హెచ్1బీ అనే ఉద్యోగ వీసా కావాలి, దాని కోటా ఏటా 85 వేలే. అప్పటికి ఉద్యోగం దొరకకపోతే పోయేది ఇల్లు.

ఇలాంటి ఉత్తరాలన్నిటిలో కనిపించే పొరపాటే మీదీ: కాలేజీ ఫీజు పైసాతో సహా లెక్కేస్తారు, మీ జీతం మూడు నెలలు ఆగితే ఏంటన్నది ఎవరూ లెక్కెయ్యరు. ఆ లక్షన్నర ముట్టుకోకండి. ఇంకో 42 వేలు కలిపితే ఆరు నెలల ఇంటి ఖర్చు అవుతుంది, దాన్ని ఎఫ్‌డీలో వేసి వదిలేయండి. తర్వాత మీ పేరా, అబ్బాయి పేరా టర్మ్ పాలసీలు (జీవిత బీమా), లోన్ మొత్తానికి తగ్గకుండా. అబ్బాయికి జీతం వస్తుండగానే తీసుకోండి, ఇప్పుడైతే సులువుగా ఇస్తారు. లోన్‌లో కో-అప్లికెంట్‌గా, అంటే అబ్బాయితో పాటు అప్పు తీసుకునేవాళ్లుగా, సంతకం పెట్టాక వాడికి ఏమైనా ఆ బాకీ మీదే, మీకేమైనా ఆ భారం ఇంటి మీద, మీ ఆవిడ మీద పడుతుంది.

అప్పటికీ వెళ్లాలనే ఉంటే, కోర్సు అయ్యాక మరో ఏడాది దాకా గడువిచ్చే ఎడ్యుకేషన్ లోన్ కోసం బ్యాంకులో అడగండి. ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఎంటెక్ చేయడం కూడా ఆలోచించండి. బయటి అప్పు మాత్రం ఒక్క రూపాయి కూడా తేవద్దు. ఇప్పటికే ఎవరికైనా మాటిచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.