ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూడు

ఒరేయ్ నాన్నా,

ఫొటోలన్నీ చూశాను. శామీర్‌పేట తోటలో వేపచెట్టు కింద ఏళ్ల తరబడి పడున్న ఆ పాత కారవాన్ ట్రైలర్‌ని, అదే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండిని, కొన్నావంటే నిజంగా సంతోషమేసింది. నలభై ఏళ్లు బస్సు బాడీలు కట్టినవాణ్ని, అలాంటి బండిని తుక్కు కింద కోస్తుంటే చూడలేను. కానీ నువ్వేమో పరుపుల బట్టలు, గోడల రంగులు అడుగుతున్నావు. వాటి జోలికి ఇప్పుడే పోకు.

ముందు నీళ్ల సంగతి తేల్చు. బయట అల్యూమినియం రేకు, లోపల చెక్క చట్రం, మధ్యలో ఏం కుళ్లుతోందో పైకి కనపడదు. కిటికీల కింద, పైకప్పు అంచుల్లో, మూలల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మంచి చెక్కైతే టక్కుమని ఆగుతుంది, కుళ్లిందైతే నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోతుంది. దిగిన ప్రతిచోటా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టు.

తర్వాత పైపుతో నీళ్లు కొట్టాలి. అందరూ పైనుంచి మొదలుపెడతారు, దాంతో నీళ్లు అన్ని అతుకుల మీదుగా జారి అసలు చిల్లు ఎక్కడుందో తెలియదు. కింది అతుకు దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట పది నిమిషాలు ఆగుతూ పైకి రావాలి, లోపల ఇంకొకరు టార్చితో చూస్తుండాలి.

కారేచోట సిలికాన్ మాత్రం పూయకు. ఒకసారి నేను తొందరపడి పైకప్పు అతుకులన్నీ దాంతో మూసేసి లోపల కొత్త ప్లైవుడ్ కొట్టాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి ముక్కవాసన, విప్పితే కొత్త చెక్కే కుళ్లిపోయి ఉంది. పైగా సిలికాన్ అంటిన రేకు మీద రంగు నిలవదు, అది గీకడానికే వారం పట్టింది. కిటికీ ఫ్రేము మొత్తం విప్పి, పాత లప్పం గీకేసి, బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు టేపు) వేసి బిగించు.

కుళ్లిన చెక్కలు అన్నీ ఒకేసారి పీకితే బాడీ వంగిపోతుంది. ఒకటి తీసి, దాన్నే కొలతగా పెట్టి కొత్తది కోయించి, అది బిగించాకే రెండోది తియ్యి. చెక్క ముషీరాబాద్ టింబర్ డిపోల్లో దొరుకుతుంది, ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు, ఉందో లేదో నువ్వే చూసుకో. రాణిగంజ్‌లో అల్యూమినియం రివెట్లే తీసుకో, ఇనుప స్క్రూ తడిలో అల్యూమినియాన్ని తగిలితే రేకు తెల్లగా పొడిపొడి అయిపోతుంది.

టైర్లు గాలి నిలుస్తోందని నమ్మకు. టైరు పక్కన అచ్చేసిన కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడు, 2214 అంటే 2014లో 22వ వారం. అంత పాతవైతే మార్చెయ్యి, బేరింగులు విప్పించి గ్రీజు పెట్టించు. ట్రైలర్‌కీ విడిగా ఆర్‌సీ ఉండాలి, పాత ఓనర్ దగ్గర అడిగి తీసుకో.

బయటి పని జూన్ వానల్లోపు ముగించి, ఒక వానాకాలమంతా బండి లోపల ఖాళీగానే ఉంచు. కష్టమే, తెలుసు. పొడిగా నిలిస్తే దసరాకి రంగులు వేద్దాం.

ఆదివారం పొద్దున్నే వస్తాను. పైపు నువ్వు పట్టుకో, టార్చితో లోపల నేను కూర్చుంటాను.

మీ బాబాయ్