లెనన్ మీద గోల్డ్‌మన్ రాసిన జీవిత చరిత్రను పాఠకులు ఎందుకంత తిట్టారు?

అనుమతి లేకుండా రాసినందుకు కాదు, అలా రాసినవాటిలో మంచివీ ఉన్నాయి. 1988లో ఆల్బర్ట్ గోల్డ్‌మన్ పుస్తకం వచ్చేసరికి బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ చనిపోయి ఏడేళ్లు దాటింది, పోయినవాళ్ల తరఫున అమెరికాలో పరువు నష్టం దావా నిలబడదు, ఇంకేం, డ్రగ్స్ అనీ కొట్లాటలనీ మనిషిని ఏకిపారేశాడు. ఆ పుస్తకం కొనొద్దని బీటిల్స్‌లో లెనన్ సహచరుడు పాల్ మెకార్ట్‌నీ బహిరంగంగానే చెప్పాడు. రోలింగ్ స్టోన్ పత్రిక అందులోని తప్పులు ఏరి పెద్ద వ్యాసమే వేసింది.

అలాగని అంతా కట్టుకథ అనలేం, ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకున్నానని లెననే 1980 ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు కదా! నాకు చిరాకు తెప్పించేది విషయం కాదు, ఆ రాతలోని కసి. 1981లో అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ మీద రాసినప్పుడూ ఈయనది ఇదే వరస.