హెల్మెట్ లేదు, చలానా కట్టాను. మరి బండి ఎందుకు పట్టుకెళ్లారు?

ప్రశ్న: నెల కిందట మా అమ్మను వెనుక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంటే పోలీసులు బండి ఆపారు. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. అమ్మకు మెడనొప్పి, అందుకని ఆమె పెట్టుకోలేదు. ఆపీ ఆపగానే ఒక కానిస్టేబుల్ తాళం చెవి లాగేసుకున్నాడు. ఫోనులో డిజిలాకర్ తెరిచి లైసెన్సు చూపిస్తే ‘అది చెల్లదు, అసలుది కావాలి’ అన్నారు. బండిని స్టేషన్‌కు తీసుకుపోయారు, రసీదు కూడా ఇవ్వలేదు. మర్నాడు చలానా కట్టిన తరువాతే తిరిగి ఇచ్చారు. మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టి తీసిన వీడియోను వాళ్ల సామాజిక మాధ్యమ పేజీలో పెట్టారు. పడితే పగిలేది మా తలే కదా, మధ్యలో ప్రభుత్వానికి ఏమిటి బాధ? ఈ చలానా మీద, ఆ పోలీసుల మీద కోర్టుకు వెళ్లవచ్చా?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: చలానా మీద వెళ్తే ఓడిపోతారు. బండి పట్టుకెళ్లడం మీద వెళ్తే మీ మాట నిలబడుతుంది. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టుకుని రావడం దగ్గరే చాలామంది కక్షిదారులు దెబ్బతింటారు. కోపం మీద ఉన్న మనిషి ‘అసలు ఈ చట్టమే తప్పు’ అని మొదలుపెడతాడు. జడ్జి గారికి అక్కడే ఆసక్తి పోతుంది. తాళం చెవి సంగతి చెప్పే వేళకు ఆయన తరువాతి ఫైలు తెరిచి ఉంటారు.

‘నా తల, నా ఇష్టం’ అన్న వాదన మన దగ్గరే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లో 498-ఎ అనే నిబంధన హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. అది దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కుకు, అంటే రాజ్యాంగంలోని 19(1)(డి) అధికరణకు విరుద్ధమని అజయ్ కానూ అనే ఆయన సవాలు చేశారు. 1988లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. హెల్మెట్ పెట్టుకుని వెళ్లమనడం వెళ్లకుండా ఆపడం కాదన్నది ఆ తీర్పు సారం. మూడున్నర దశాబ్దాలు దాటినా అది చెక్కుచెదరలేదు.

ఎదిగిన మనిషి తలను కాపాడే బాధ్యత ప్రభుత్వం నెత్తిన వేసుకోవాలా అన్న విషయంలో నాకూ అనుమానాలు ఉన్నాయి. సిగరెట్టు కాల్చుకోనిచ్చి హెల్మెట్ దగ్గర పట్టుబట్టడంలో ఏం తర్కం ఉందని మీరు అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. తల పగిలినవాడి వైద్యం ఖర్చు, వాడి మీద ఆధారపడిన కుటుంబం సమాజం మీదే పడతాయి కదా అని అవతలివాళ్లు అంటారు, అందులోనూ నిజం ఉంది. కానీ ఈ చర్చ కోసం మీ దగ్గర ఫీజు తీసుకుని హైకోర్టుకు తీసుకెళ్తే అది మోసమే అవుతుంది.

ఇప్పుడున్న చట్టం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 129 ప్రకారం మోటారు సైకిల్ నడిపేవారే కాదు, దాని మీద ప్రయాణించే నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించిన సిక్కులకు ఆ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. మెడనొప్పి ఊసు అందులో లేదు. హెల్మెట్ అంటే ఏమిటో కూడా అదే సెక్షన్ చెబుతుంది: పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలి. పట్టీ పెట్టుకోలేదని చలానా రాస్తే పోలీసుల అతి అని తిట్టుకునేవాళ్లు చాలామంది. అక్కడ మాత్రం తప్పు పోలీసులది కాదు. పట్టీ బిగించని హెల్మెట్ చట్టం దృష్టిలో హెల్మెట్టే కాదు.

అమ్మ పెట్టుకోకపోతే చలానా నాకెందుకు అన్న సందేహం మీ ఉత్తరంలో లేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. శిక్ష చెప్పే సెక్షన్ 194-డి బండి నడిపిన వ్యక్తినే పట్టుకుంటుంది. 129ని ఉల్లంఘిస్తూ బండి నడిపినా, నడపనిచ్చినా 1,000 రూపాయల జరిమానా, దానితోపాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. 2019 సెప్టెంబరు 1న సవరణ అమలులోకి రాకముందు ఇది 100 రూపాయల వ్యవహారం. కోర్టుకు వెళ్లకుండా కట్టి ముగించుకునే రాజీ రుసుమును సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కనుక మీ చలానా మీది అంకె వేరుగా ఉండవచ్చు. మొత్తానికి మీ చలానాలో లోపం లేదు. పైగా కట్టేశారు. దాన్ని వదిలేయండి.

ఇక బండి సంగతి. పోలీసు చేతిలో ఉండే ప్రతి అధికారం ఏదో ఒక సెక్షన్‌లో రాసి ఉండాలి. గోప్యత హక్కు మీద 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో ప్రభుత్వ జోక్యానికి పెట్టిన మొదటి పరీక్ష కూడా ఇదే: ముందు చట్టం ఉండాలి. ఆ తరువాతే దాని ఉద్దేశం సరైనదా, తప్పుకు తగిన మోతాదులో ఉందా అన్న ప్రశ్నలు వస్తాయి. మీ విషయంలో రెండో మెట్టు దాకా వెళ్లనవసరం లేదు, మొదటి మెట్టు మీదే పోలీసుల కాలు జారింది.

వాహనాన్ని పట్టుకుని ఉంచుకునే అధికారం సెక్షన్ 207లో ఉంది. ఎప్పుడు? లైసెన్సు లేకుండా నడిపినప్పుడు (సెక్షన్ 3), వయసు చాలని వ్యక్తి నడిపినప్పుడు (సెక్షన్ 4), రిజిస్ట్రేషన్ లేనప్పుడు (సెక్షన్ 39), పర్మిట్ కావలసిన వాహనాన్ని పర్మిట్ లేకుండా గానీ దాని షరతులకు విరుద్ధంగా గానీ తిప్పినప్పుడు. ఆ సెక్షన్‌ను ఎన్నిసార్లు చదివినా 129 అన్న అంకె కనిపించదు. అంటే హెల్మెట్ లేదన్న ఒక్క కారణంతో బండిని స్టేషన్‌లో పెట్టే అధికారం 207 ఇవ్వడం లేదు. మీకు లైసెన్సు ఉంది, బండికి రిజిస్ట్రేషన్ ఉంది. మరి ఏ అధికారంతో రాత్రంతా ఉంచుకున్నారు? దీనికి వాళ్లు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. రసీదు ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉందని నా అనుమానం. రసీదు రాస్తే సెక్షన్ రాయాలి, రాయడానికి సెక్షన్ లేదు.

వాళ్లు రెండు సమాధానాలు తయారుగా ఉంచుకుంటారు. ‘లైసెన్సు చూపలేదు, అందుకే 207’ అన్నది మొదటిది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ నిబంధనను 2018లోనూ, మళ్లీ 2020 అక్టోబరు 1 నుంచీ మార్చారు. పత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో చూపవచ్చు. వివరాలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిపోలితే కాగితపు పత్రాన్ని అడగకూడదు. కాబట్టి డిజిలాకర్ చెల్లదన్న మాటే చెల్లదు. రెండోది, ‘బండి మేము పట్టుకోలేదు, ఆయనే వదిలేసి వెళ్లాడు’ అనడం. తాళం చెవి ఎవరి చేతిలో ఉందో తేలితే ఈ మాట నిలవదు.

తాళం చెవి లాక్కునే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఏ సెక్షన్‌లోనూ లేదు. కొందరు పారిపోతారు కాబట్టి లాక్కోక తప్పదని ఒక పోలీసు అధికారి కోర్టు వరండాలో నాతో వాదించారు. పారిపోయేవాడి బండి నంబరు కెమెరాకు చిక్కుతుంది, ఆపిన చోటే నిలబడి ఉన్నవాడి తాళం ఎందుకు అని అడిగితే ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు.

అరెస్టు ప్రస్తావన మీరు తేలేదు, అయినా చెబుతాను. ఎందుకంటే ‘ఎక్కువ మాట్లాడితే లోపల వేస్తాం’ అన్న బెదిరింపు ఇలాంటి చోట్ల తరచూ వినిపిస్తుంది. వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం గురించి సెక్షన్ 202 చెబుతుంది. ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, అనుమతి లేకుండా ఇతరుల బండి తీసుకుపోవడం అందులో ఉన్నాయి. హెల్మెట్ లేదు. అమెరికాలో పరిస్థితి దీనికి భిన్నం. టెక్సాస్‌లో సీటు బెల్టు పెట్టుకోలేదని ఒక తల్లికి బేడీలు వేసి స్టేషన్‌కు తీసుకుపోయారు. ఆ తప్పుకు గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. అట్వాటర్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 2001లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో అరెస్టు రాజ్యాంగబద్ధమేనంది. అక్కడి రాష్ట్ర చట్టం ఆ అరెస్టుకు వీలిచ్చింది. మన చట్టం ఇవ్వలేదు. అయితే 202లోనే ఒక మెలిక ఉంది: పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరిస్తే ఈ చట్టం కింద ఏ నేరానికైనా అరెస్టు చేయవచ్చు. కాబట్టి ఎంత కోపం వచ్చినా పేరు, చిరునామా చెప్పండి.

లైసెన్సు విషయంలో మీరు అదృష్టవంతులనే చెప్పాలి. సెక్షన్ 206(4) కింద హెల్మెట్ ఉల్లంఘనకు పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపవచ్చు. ఈ అధికారం 2019 సవరణతో వచ్చింది. చలానా కట్టినా ఈ ప్రక్రియ నుంచి తప్పించుకోలేరని సెక్షన్ 200 చెబుతోంది. అయితే పోలీసు చేసేది స్వాధీనం, పంపడం మాత్రమే. అలా తీసుకున్నప్పుడు తాత్కాలిక రసీదు ఇచ్చి తీరాలి. రద్దు చేయాలా, అనర్హత వేయాలా అన్నది సెక్షన్ 19 కింద లైసెన్సింగ్ అధికారి తేల్చాలి, అదీ మీ వాదన విని, కారణాలు రాసి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు ఉంటుంది. రోడ్డు మీదే ‘నీ లైసెన్సు మూడు నెలలు రద్దు’ అని ప్రకటించే అధికారం ఏ ఎస్సైకీ లేదు. కలకత్తా హైకోర్టు 2022లో ఇంచుమించు ఇదే మాట చెప్పింది.

ఉత్తరం చదువుతుంటే నాకు ఒళ్లు మండింది మాత్రం వీడియో దగ్గర. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167-ఎ నిబంధన కింద ట్రాఫిక్ కెమెరాలు, పోలీసుల ఒంటి మీది కెమెరాలు తీసిన దృశ్యాలను చలానాకు ఆధారంగా వాడుకోవచ్చు. చలానాతోపాటు స్పష్టమైన ఫొటో, తేదీ, సమయం, స్థలం, సెక్షన్ ఇవ్వాలి కూడా. ఆ దృశ్యాలు నేరం రుజువు చేయడానికి పనికొస్తాయి. ఒక పెద్దావిడ ముఖాన్ని లోకానికి చూపించి నవ్వించడానికి వాటిని వాడమని ఏ నిబంధనా చెప్పలేదు. చలానా ఆమె పేరున లేదు, ఆమెను ఏ కోర్టూ దోషి అనలేదు. నలుగురిలో నిలబెట్టి అవమానించడం శిక్షే. శిక్ష వేసే పని కోర్టుది. రోడ్డు మీద గుంజీలు తీయించడం, ప్లకార్డు పట్టించి ఫొటో తీయడం కూడా ఈ కోవలోకే వస్తాయి. గౌరవంగా బతికే హక్కు 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ‘జనంలో అవగాహన కోసం’ అన్న సాకు ముఖం కనిపించకుండా కూడా నెరవేరుతుంది.

ఇప్పుడు చేయవలసినది. ముందుగా ఆ వీడియో ఉన్న పేజీని తేదీ, సమయం కనిపించేలా భద్రపరచుకోండి, తొలగించాక దొరకదు. దాన్ని తీసేయమని అమ్మ పేరుతో జిల్లా ఎస్పీకి లేదా పోలీసు కమిషనర్‌కు నోటీసు పంపండి. చాలాసార్లు ఇంతటితోనే వీడియో మాయమవుతుంది. అదే రోజు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి: ఫలానా నంబరు బండిని ఫలానా తేదీన ఏ సెక్షన్ కింద స్టేషన్‌లో ఉంచారు, స్టేషన్ రికార్డులో నమోదు ఏమిటి, రసీదు నకలు ఇవ్వండి, ఆ చోటి కెమెరా దృశ్యాలు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి. కెమెరా దృశ్యాలు పాతబడితే చెరిగిపోతాయి. ఇప్పటికే నెల గడిచింది, ఆలస్యం చేయవద్దు.

ఆ జవాబు చేతికి వచ్చాక పై అధికారులకు ఫిర్యాదు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు మరొకటి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏర్పాటు చేయమన్న పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ మీ రాష్ట్రంలో పనిచేస్తుంటే అక్కడికీ వెళ్లవచ్చు. 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది. కానీ ఒక రాత్రి బండి నిలిపినందుకు రిట్ వేస్తే వచ్చే పరిహారం కంటే మీ తిరుగుడు ఖర్చే ఎక్కువ కావచ్చు. వీడియో తొలగించకపోతే అప్పుడు వేయండి, అది వేయదగిన కేసు.

ఇంకోసారి ఇలా జరిగితే తాళం కోసం పెనుగులాడకండి. పోలీసు చేతిని తోశారని భారతీయ న్యాయ సంహిత 132 పెడితే రెండేళ్ల దాకా శిక్ష పడే కేసు, విధులకు ఆటంకం అంటే 221 కింద మూడు నెలలు. హెల్మెట్ గొడవ కాస్తా క్రిమినల్ కేసుగా మారి ఇంటికి వస్తుంది. దూరంగా నిలబడి ఫోనులో రికార్డు చేసుకోండి, ‘ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారు?’ అని ఒక్కసారి మర్యాదగా అడగండి, అధికారి పేరు రాసుకోండి. ఆ అధికారే హెల్మెట్ లేకుండా బండెక్కి వెళ్లిపోతే అది కూడా రికార్డు చేయండి. చట్టాన్ని అమలు చేయవలసిన వాళ్లే దాన్ని తప్పితే జరిమానా రెట్టింపు అని సెక్షన్ 210-బి చెబుతోంది.

ఫిర్యాదు రాసేటప్పుడు ‘మా అమ్మ హెల్మెట్ పెట్టుకోలేదు, చలానా కట్టాను’ అని మొదటి వాక్యంలోనే ఒప్పుకోండి. రెండో వాక్యంలో 207 గురించి అడగండి. అమ్మ మెడకు భారం కాని తేలికపాటి ఐఎస్ఐ హెల్మెట్ ఏదో దుకాణానికి ఆమెనే తీసుకెళ్లి, పెట్టి చూసి కొనండి. వెళ్లేది మాత్రం ఆటోలో.