స్పోర్ట్స్ ప్యాకు కొనే ముందు

పెదవాల్తేరు, విశాఖపట్నం

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూడ్డానికి కేబుల్ అతను ఏదో పెద్ద స్పోర్ట్స్ ప్యాకు చెప్పాడని, నువ్వు కట్టేయబోతున్నావని మీ అమ్మ అంది. ఇంకా కట్టకపోతే ఆగు. కట్టేసినా ఫర్వాలేదు, వచ్చే నెల తీయించెయ్యొచ్చు. ఆ ప్యాకులో సగానికి పైగా క్రికెట్, కబడ్డీ, కుస్తీ. నీకు కావలసిన ఫుట్‌బాల్ ఒకటి రెండు ఛానెళ్లలోనే ఉంటుంది.

ముందు ఒక కాగితం మీద నీ జట్టు ఆడే పోటీలు రాసుకో. జట్టు ఒకటే అయినా పోటీలు మూడు నాలుగుంటాయి, ఒక్కోదాని ప్రసార హక్కులు ఒక్కో కంపెనీవి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ స్టార్ స్పోర్ట్స్ సెలెక్ట్ ఛానెళ్లలోనూ జియోహాట్‌స్టార్‌లోనూ వస్తుంది. యూరప్ పెద్ద జట్లన్నీ ఆడే చాంపియన్స్ లీగ్ సోనీ స్పోర్ట్స్ ఛానెళ్లలో, సోనీలివ్ యాప్‌లో. స్పెయిన్ లా లిగా 2025-26 సీజన్‌కి ఫ్యాన్‌కోడ్ యాప్ చేతికి వెళ్లింది. హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారతాయి. నిరుడు ఫలానా ఛానెల్లో వచ్చింది కదా అని ఈ ఆగస్టులో కళ్లుమూసుకుని రీఛార్జి చేయకు. జట్టు వెబ్‌సైటులో మన దేశం పేరు పక్కన ఎవరి పేరుందో చూసుకో, రెండు నిమిషాల పని. అన్నీ కొనాలన్న పంతం మాత్రం వద్దు. లీగ్ ఒక్కటే ఏడాదికి 38 మ్యాచ్‌లు, మీ షిఫ్టులకి అవే ఎక్కువ.

టీవీ ఛానెలా, యాపా అన్నది నువ్వు ఎవరి అభిమానివన్న దాన్ని బట్టి ఉంటుంది. శనివారం ఒకే సమయానికి నాలుగైదు మ్యాచ్‌లు పడితే సెలెక్ట్ ఛానెళ్లలో ఒకటో రెండో చూపిస్తారు, మిగతావి యాప్‌లోనే. లివర్‌పూల్ లాంటి పెద్ద జట్టుకి టీవీలో చోటు చాలాసార్లు దొరుకుతుంది. ఫుల్హామ్, బ్రెంట్‌ఫర్డ్ అభిమానులకి యాప్ తప్పదు. సీజన్ చివరి రోజున పది మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి, ఆ రోజు ఛానెల్ వాళ్లు ఏది చూపిస్తే అదే నీకు. చాంపియన్స్ లీగ్ ఇంకా ఇరుకు: 2024 నుంచి 36 జట్లు, మొదటి దశలో చాలా రాత్రులు తొమ్మిదేసి మ్యాచ్‌లు.

ఇప్పుడు వేళలు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, చూడలేని మ్యాచ్‌లకి కట్టి. ఇంగ్లండ్‌లో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా మనకూ వాళ్లకూ ఐదున్నర గంటల తేడా, మిగతా కాలం నాలుగున్నర. శనివారం వాళ్ల 12:30, 3:00, 5:30 మ్యాచ్‌లు చలికాలంలో మనకి సాయంత్రం 6:00, రాత్రి 8:30, 11:00కి పడతాయి. ఆగస్టు, సెప్టెంబరు, ఏప్రిల్, మే నెలల్లో వీటికి గంట తగ్గించుకో. ఆదివారం మ్యాచ్‌లు చలికాలంలో 7:30కి, 10:00కి. సోమవారం రాత్రిది మాత్రం ఒంటిగంటన్నరకి, దాన్ని వదిలేయ్. బి షిఫ్టు వారం నువ్వు రాత్రి పదికి దిగుతావు కాబట్టి డిసెంబరులో 11 గంటల మ్యాచ్ పూర్తిగా దక్కుతుంది. అదే మ్యాచ్ ఏప్రిల్‌లో పదికే మొదలవుతుంది, కూర్మన్నపాలెం చేరి కాళ్లు కడుక్కునేసరికి హాఫ్ టైమ్. రాత్రి సి షిఫ్టు వారం సాయంత్రం ఆరింటి మ్యాచ్ చూసుకుని తీరిగ్గా డ్యూటీకి వెళ్లొచ్చు.

చాంపియన్స్ లీగ్ ఎక్కువగా చలికాలంలో ఒంటిగంటన్నరకి, మిగతా కాలం పన్నెండున్నరకి. మర్నాడు పొద్దుటి 'ఎ' షిఫ్టు ఉంటే మెలకువగా కూర్చోవద్దు. పొద్దున్నో సాయంత్రమో యాప్‌లో రీప్లే చూడు. స్కోరు తెలియకూడదనుకుంటే వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేస్తే సరిపోదు, యాప్ తెరవగానే మొదటి పేజీ బొమ్మ మీదే ఎవరు గెలిచారో రాసి ఉండొచ్చు. నేరుగా వెతికే గడిలో జట్టు పేరు కొట్టి పూర్తి మ్యాచ్‌కి వెళ్లు.

ఇక్కడో తమాషా ఉంది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఇంగ్లండ్‌లో టీవీల్లో ఫుట్‌బాల్ లైవ్ చూపరు. చిన్న జట్ల మైదానాలకి జనం తగ్గకూడదని 1960ల నుంచి వస్తున్న కట్టుబాటు. మనకా అడ్డు లేదు. అక్కడ టికెట్టు దొరకనివాడు ఇంట్లో చూడలేని మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ నువ్విక్కడ చూస్తావు.

ఖర్చు సంగతి. జియోహాట్‌స్టార్ మొదలైన 2025 ఫిబ్రవరిలో మొబైల్ ప్లాను మూడు నెలలకి 149 రూపాయలు, ఏడాదికి 499. రెండు పరికరాల్లో ఆడే సూపర్ ప్లాను 299, 899. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు అంకెలు వేసుకో, లెక్క మాత్రం ఇదే. సీజన్ మామూలుగా ఆగస్టు నడిమి నుంచి మే నాలుగో వారం దాకా, అంటే తొమ్మిది నెలల పైచిలుకు. ఆ ధరల్లో మూడు నెలల సూపర్ ప్యాకులు మూడు కొంటే 897 అయి, మే నడిమికి, సీజన్ ఆఖరి మ్యాచ్‌లకి ముందే అయిపోతాయి. ఇంకో రెండు రూపాయలు వేస్తే ఏడాది మొత్తం. ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి ముందురోజు ఏడాదిది కొను, మార్చిలో ఐపీఎల్ కూడా అందులోనే వస్తుంది. ఆటో రెన్యువల్ మీట ఆపేయడం మరచిపోకు.

ఫోను రీఛార్జితో ఉచితం అని ఇచ్చేది తరచూ మొబైల్ ప్లానే. ఫోనులో ఆడుతుంది, టీవీలో తెరిస్తే ఇంకా డబ్బు కట్టమంటుంది. కొనే ముందు పరికరాలు అన్న వరస చదువు. నీ గదిలో ఉండే కుర్రాడు బార్సిలోనా అభిమాని అన్నావు కదా, మీరు చేయవలసింది చెరో యాప్ తీసుకుని ఒకే టీవీలో చూడ్డం. ఫ్యాన్‌కోడ్‌లో ఒక్క మ్యాచ్‌కి విడిగా పాస్ అమ్ముతారు, ఏడాదికి రెండు మూడు పెద్ద మ్యాచ్‌లు చాలనుకునేవాడికి అది మేలు.

మీ టీవీ పాతదైతే యాప్‌లు ఆడించడానికి టీవీ వెనక తగిలించే స్టిక్ ఒకటి చాలు, కొత్త టీవీ వద్దు. డాబాగార్డెన్స్ షాపుల్లో పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులు చవకగా చూపిస్తారు, తీసుకోకు. వాటిలో చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 అనే హెచ్‌డీ అనుమతి ఉండదు, దాని కింది మెట్టు ఎల్3 ఉంటుంది. నువ్వు హెచ్‌డీకి కట్టినా యాప్ వాటికి మసక బొమ్మే పంపుతుంది. డబ్బిచ్చే ముందు షాపులోనే డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్ వేయించి ఎల్1 అని కనిపిస్తోందో లేదో చూడు. ఇంకో తప్పు, స్టిక్ కరెంటు వైరు టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో పెట్టడం. పాత టీవీల్లో అది అర ఆంపియరే ఇస్తుంది, పెనాల్టీ కొట్టే వేళకి స్టిక్ ఆగి మళ్లీ మొదలవుతుంది. దానితో వచ్చిన అడాప్టరే గోడకి పెట్టు. ఫోను తెరని మిర్రరింగ్‌లో టీవీకి పంపితే చాలా యాప్‌లు మాట వినిపించి తెర నల్లగా చూపిస్తాయి, కాపీ కాకుండా వేసిన తాళం అది. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి 720పీ స్పష్టత చాలు, పైది కొన్నా కంటికి తేడా తెలియదు.

సినిమా ఆగకుండా వచ్చే నెట్‌లో మ్యాచ్ మధ్యలో చక్రం ఎందుకు తిరుగుతుందని అడుగుతావు. సినిమా నిమిషాల కొద్దీ ముందే దింపి పెట్టుకుంటుంది, లైవ్‌కి ముందు సరుకు కొన్ని సెకన్లే. అందుకని సగటు వేగం కన్నా నిలకడ ముఖ్యం. 720పీకి 5 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే సరి. అపార్టుమెంట్లో పది రౌటర్లు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ మీద కొట్టుకుంటుంటే ఆ ఐదు కూడా నిలవదు. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి కలుపు, లేదా లాన్ కేబుల్ లాగు. వానాకాలంలో కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. నీ అడాప్టరు మీద 12 వోల్టులో 9 వోల్టులో చదివి అదే వోల్టుది కొను.

ఇంట్లో నెట్ లేక ఫోను డేటా మీదే చూస్తే 480పీలో గంటకి ముప్పావు జీబీ లోపు, 720పీలో గంటకి జీబీ పైన అవుతుంది. మ్యాచ్ హాఫ్ టైమ్‌తో కలిపి రెండు గంటలు. రోజువారీ డేటా అర్ధరాత్రికి కొత్తగా మొదలవుతుంది కాబట్టి 11 గంటల మ్యాచ్ రెండు రోజుల కోటా మీద సాగిపోతుంది. 8:30 మ్యాచ్‌కి ఆ వెసులుబాటు లేదు, పగలు రీల్స్ చూసి కోటా తగలెయ్యకు.

నెట్ అసలు నిలవని చోట డిష్ మేలు. 2019 నుంచి ఛానెళ్లు విడివిడిగా కొనుక్కోవచ్చు. నెట్‌వర్క్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ కడతావు, ఆపైన సెలెక్ట్ ఛానెళ్లు మాత్రం విడిగా ఇమ్మను. ప్యాకే తీసుకోవాలని ఏజెంటు అంటే కంపెనీ యాప్‌లో నువ్వే ఎంచుకో. తీసుకున్న ఛానెల్‌ని కనీసం ఎన్నాళ్లు ఉంచాలో ముందే అడుగు. డీడీ ఫ్రీ డిష్‌కి నెల అద్దె లేదు కానీ ఈ లీగులు అందులో రావు, దాని కోసం డిష్ బిగించకు.

విశాఖలో టాటా ప్లే డిష్ దాదాపు తిన్నగా దక్షిణానికి తిరుగుతుంది, ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పున, మనూరూ 83.3 మీద. ఎత్తు దాదాపు 69 డిగ్రీలు, అంటే నడినెత్తికి దగ్గర. ఎయిర్‌టెల్‌ది 108.2 డిగ్రీల మీద, ఆగ్నేయం దాటి తూర్పుకి మొగ్గుతుంది, ఎత్తు 55. ఉత్తరం బాల్కనీ ఉన్న ఇంట్లో డిష్ మేడ మీదికే వెళ్లాలి, ఇల్లుగలాయన్ని ముందే అడుగు. సముద్రం వైపు బాల్కనీకి ఆకాశం బాగా దొరుకుతుంది, ఉప్పు గాలీ దొరుకుతుంది. ఏడాది తిరక్కుండా డిష్ ముందు కొమ్ముకి ఉండే ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్ లోపల రాగి తీగ పచ్చబడుతుంది. వాన లేని రాత్రి కూడా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగితే ముందు చూడాల్సింది అదే. తీగ కొసని అరంగుళం కత్తిరించి, కొత్త కనెక్టర్ బిగించి, రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టించు. పై నుంచి చుడితే ప్రతి పొరలోకీ నీళ్లు దిగుతాయి. జోరు వానలో సిగ్నల్ పోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు, వాన తగ్గాలి. మెకానిక్‌కి డబ్బులివ్వకు.

టెలిగ్రామ్‌లో వచ్చే ఫ్రీ లింకులు, ఏపీకే ఫైళ్ల జోలికి పోకు. దొంగ ప్రసారమన్నది ఒకటి. ఆ ఫైలు ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడగొచ్చన్నది అంతకంటే పెద్దది, నీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే.

యాప్ బొమ్మ డిష్ కన్నా అర నిమిషం దాకా వెనక నడుస్తుంది. పక్కింట్లో డిష్ ఉంటే గోలు కేక ముందే వినపడుతుంది, కిటికీ మూసుకో. డిష్ పెట్టించుకుని ఉంటే జూన్ మొదటి వారంలో సెలెక్ట్ ఛానెళ్లు తీయించెయ్. మళ్లీ వేయించాల్సింది ఆగస్టులో మొదటి మ్యాచ్ ముందురోజే.

ఇట్లు,
మీ పెదనాన్న